గోళ్ళు లేని జంతువు, డెక్క ఉన్న మొక్క

నా రెండు చీటీలూ పైకి చదవగానే క్లాసంతా గొల్లుమంది.

అప్పుడు తొమ్మిదో తరగతి. సిలబస్ ముందే అయిపోయింది. పిల్లల్ని ఊరికే కూర్చోబెట్టడం మా బయాలజీ మాస్టారికి చేతకాదు. ఒకరోజు రెండు ఖాళీ సుద్దముక్కల డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకదాంట్లో జంతువుల పేర్లు, ఇంకోదాంట్లో మొక్కల పేర్లు. అన్నీ ఆయన గుండ్రటి చేతిరాతతో రాసి మడతపెట్టిన చీటీలు. ఒక్కొక్కరం వెళ్ళి అందులోంచి ఒకటి, ఇందులోంచి ఒకటి తీసుకోవాలి. ఏ రెండు పడితే ఆ రెంటికీ పోలికలూ తేడాలూ నాలుగు పేజీల్లో రాసి, బొమ్మలు వేసి పదిరోజుల్లో ఇవ్వాలి. మొత్తం 10 మార్కులు. రాతకి 7, బొమ్మలకి 3. చీటీలు మార్చుకోవడాలు కుదరవని ముందే చెప్పేశారు.

నా పక్కవాడికి గబ్బిలం, అరటి పడ్డాయి. వాడు మొహం వేలాడేసుకున్నాడు గానీ నిజానికి లాటరీ తగిలింది వాడికే. చాలా రకాల అడవి అరటికి పుప్పొడి మోసేది గబ్బిలాలేనని మాస్టారే చెప్పేశారు. ఇక వాడికి సగం వ్యాసం అయిపోయినట్టే. ముందు బెంచీ అమ్మాయికి తేనెటీగ, పొద్దుతిరుగుడు. అది ముందే కుదిరిన సంబంధం. నాకు వచ్చినవి అమెజాన్ మనాటీ, గుర్రపు డెక్క.

"సార్, మనాటీ అంటే ఏంటి సార్?"

"ఏనుక్కి చుట్టం. నీళ్ళలో ఉంటుంది."

"దానికీ గుర్రపు డెక్కకీ పోలికేం ఉంటుంది సార్?"

"ఏనుక్కీ గుర్రానికీ పోలిక రాయలేవురా?" అన్నారాయన నవ్వకుండా. క్లాసు రెండోసారి గొల్లుమంది.

బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టడం అనే మాట అప్పటికే చాలాసార్లు విన్నాను. ఆ పని నాకే, అదీ మార్కుల కోసం, అప్పజెబుతారని మాత్రం అనుకోలేదు.

గుర్రపు డెక్క కోసం వెతుక్కోవాల్సిన పనేం లేదు. బడి వెనకున్న చెరువులో నీళ్ళకన్నా అదే ఎక్కువ. రోజూ చూసేదే, కానీ చేత్తో పట్టుకుని చూసింది లేదు. ఆ సాయంత్రం నేనూ పక్కవాడూ పొడవాటి కర్ర ఒకటి సంపాదించి ఒడ్డునున్న మొక్కని లాగాం. ఒకటి లాగితే నాలుగు వచ్చాయి. తల్లి మొక్క పక్కనుంచి పెన్సిలంత లావు తీగ, దాని చివర పిల్ల మొక్క, ఆ పిల్ల నుంచి ఇంకో తీగ, దానికో బుల్లి పిల్ల. చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడిచే పిల్లల్లా ఉన్నాయి. వేళ్ళయితే తడి జుట్టులా నల్లగా, కొంచెం ఊదాగా, మూరెడు పొడవున వేలాడుతున్నాయి. బకెట్టులో జాడిస్తే అందులోంచి చిన్న నత్తలు, గాజులాంటి బుల్లి రొయ్యలు బయటపడ్డాయి.

ఆకు కాడ దగ్గర బుడగలా ఉబ్బి ఉంటుంది. బ్లేడుతో అడ్డంగా కోశాను. లోపల తెల్లటి స్పాంజి. వేలితో నొక్కితే మెత్తగా అణిగి, వదలగానే మళ్ళీ పైకి లేచింది. మొక్కని బకెట్టు అడుగుదాకా ముంచి చెయ్యి తీస్తే బంతిలా ఎగిరి మా మొహాలమీద నీళ్ళు చల్లింది. ఈ ఆట ఎంతసేపు ఆడామో గుర్తులేదు. ఇంకో సంగతి కూడా గమనించాం. ఒడ్డు పక్కన, చోటున్న దగ్గర పెరిగే వాటికే ఆ బుడగ గుండ్రంగా ఉంది. గుంపు మధ్యలో ఇరుక్కుని పెరిగేవాటి కాడలు సన్నగా, పొడవుగా సాగిపోయాయి. చుట్టూ పదిమంది ఆనుకుని నిలబెడుతుంటే ఇక తేలడానికి సొంత బుడగ ఎందుకు?

పువ్వు సంగతి చెప్పకపోతే అన్యాయం. లేత ఊదారంగు, ఆరు రేకులు. పై రేకు ఒక్కటే ప్రత్యేకం: మధ్యలో పసుపు చుక్క, దాని చుట్టూ నీలం, అచ్చం నెమలి కన్నులా. ఒకటి రెండు రోజులకే వాడిపోతుంది. వాడిపోయాక పూలకాడ తనంతట తానే వంగి, కాయల్ని తీసుకెళ్ళి నీళ్ళలో ముంచుతుంది. ఇది మేం చూడలేదు, తర్వాత చదివాను. ఆ రోజు మాత్రం మేం కోసిన పూలగుత్తి ఇంటికి చేరేలోపే తలవాల్చేసింది.

ఇక మనాటీ. దీనికి గ్రంథాలయమే గతి. అక్కడ గాజు తలుపుల బీరువాలో ఇంగ్లీషు ఎన్‌సైక్లోపీడియా సంపుటాలు ఉండేవి. ఇంటికివ్వరు, అక్కడే కూర్చుని చదువుకోవాలి. నా ఇంగ్లీషు అంతంతమాత్రం కాబట్టి అక్కని బతిమాలి వెంట తీసుకెళ్ళాను. అక్క అప్పుడు ఇంటర్ బైపీసీ. దాని రికార్డు బొమ్మలు చూసి లెక్చరర్లే మెచ్చుకునేవారు. కప్ప జీర్ణవ్యవస్థ వేస్తే కప్ప లేచి గెంతుతుందేమో అన్నట్టుండేది.

సంపుటంలో అరపేజీ రంగుల బొమ్మ ఉంది. బూడిదరంగు బస్తాకి తోకా, రెండు తెడ్లూ కుట్టినట్టుంది జంతువు. మూతి నిండా బిరుసు వెంట్రుకలు, కందిగింజంత కళ్ళు. వెనక కాళ్ళే లేవు. "పాపం, ఎవరో సగం చేసి వదిలేశారు" అంది అక్క. అలా అంటూనే తెల్లకాగితం మీద పెన్సిల్‌తో మొదలుపెట్టింది. నేను డిక్షనరీ పక్కన పెట్టుకుని వాక్యాలు కూడబలుక్కుంటూ రాసుకున్నాను. మూడు గంటలు పట్టింది. చివర్లో అక్క తెడ్డు అంచున గోళ్ళు దిద్దింది, ఒక్కోదానికీ కింద చిన్న నీడ పెట్టి. మూడు గోళ్ళు. ఏనుగు కాలి గోళ్ళలా ముద్దుగా కుదిరాయి. "ఏనుక్కి చుట్టమన్నారుగా, ఇదిగో సాక్ష్యం" అంది.

బొమ్మ నేనే వేశానని మాస్టారితో చెప్పాలని మా ఒప్పందం.

వ్యాసం మాత్రం నా సొంతమే, అందుకే అలా ఏడ్చింది. పేజీ మధ్యలో స్కేలుతో గీత గీసి ఎడమవైపు జంతువు, కుడివైపు మొక్క అని పెట్టాను. జంతువు కదులును, మొక్క కదలదు. జంతువు గాలి పీల్చును, మొక్క ఆకులతో ఆహారం తయారుచేసుకొనును. మనాటీ ఆహారం: మొక్కలు. ఇలా నాలుగు పేజీలు లాగించాను. ఒక్క లెక్క మాత్రం బాగా వచ్చింది, అదీ పక్కవాడి పుణ్యమా అని. అనుకూలంగా ఉంటే గుర్రపు డెక్క సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుందని మాస్టారు చెప్పారు. వాడు లెక్కల్లో పులి. ఏడాదికి 26 సార్లు రెట్టింపు అనుకుని వేసుకుంటూ పోయాడు. ఒక్క మొక్క ఏడాది చివరికి 6,71,08,864 మొక్కలవుతుంది. అంత చోటూ అంత ఎరువూ దొరకాలనుకోండి, కాగితం మీద మాత్రం అంతే. అదే ఏడాదిలో మనాటీ లెక్క? ఒక బిడ్డని కడుపులో మోయడానికే దానికి దాదాపు ఏడాది పడుతుంది. ఒక కాన్పుకి ఒక్కటే పిల్ల. మళ్ళీ కాన్పు ఇంచుమించు మూడేళ్ళకి. వాడు పెన్ను కింద పెట్టి, "ఒరేయ్, నీ జంతువు ఈ పోటీలో గెలవదురా" అన్నాడు.

కాగితాలు తిరిగి ఇచ్చిన రోజు నా దాంట్లో ఎర్రసిరా నాలుగు చోట్ల ఉంది. "మొక్క కదలదు" అన్నచోట: "చెరువు దగ్గరికెళ్ళి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చూడు." నిజమే. పొద్దున బడివైపు ఉన్న గుంపు సాయంత్రానికి అవతలి ఒడ్డుకి చేరడం నేను వందసార్లు చూసినవాణ్ణే. ఆకు తెరచాపలా నిలబడి గాలిని పట్టుకుంటుంది. కళ్ళ ముందు కదిలేదాన్ని కదలదని రాశాను, పాఠంలో అలా ఉంది కాబట్టి. "మనాటీ ఆహారం: మొక్కలు" అన్నచోట: "ఏ మొక్కలు?" లెక్క దగ్గర ఒక టిక్కు. బొమ్మ దగ్గర మూడు గోళ్ళకీ మూడు సున్నాలు చుట్టి: "గోళ్ళెక్కడివి? బొమ్మ చూశావు, కింద రాసింది చదవలేదు."

గోరుకో మార్కు చొప్పున మూడూ పోయాయి. మొత్తం 10కి 5.

బొమ్మ కింద చిన్నక్షరాల్లో ఏం రాసుందంటే, అది వెస్టిండియన్ మనాటీ. తెడ్డు చివర గోళ్ళుండేది దానికి. అమెజాన్ మనాటీకి గోళ్ళు ఉండవు. దాని శాస్త్రీయనామమే అది: ట్రైకెకస్ ఇనుంగుయిస్. ఇనుంగుయిస్ అంటే లాటిన్‌లో గోళ్ళు లేనిది. మాస్టారు బోర్డు మీద ఆ పేరు రాసి, దాని పక్కనే గుర్రపు డెక్క పేరు రాశారు: ఐకార్నియా క్రాసిపెస్. క్రాసిపెస్ అంటే లావు కాలిది. ఉబ్బిన కాడని చూసి పెట్టిన పేరు. ఆ తర్వాత మమ్మల్ని అడిగారు: "లాటిన్‌వాడు మొక్కకి కాలు ఇచ్చాడు. మనవాళ్ళు దానికి డెక్క కూడా తగిలించారు. పాపం జంతువుకి గోరు కూడా మిగల్చలేదు. ఇంతకన్నా తేడా ఏం కావాల్రా రాయడానికి?"

అప్పుడు గానీ నాకు బుర్రలో వెలగలేదు. ఆయన డబ్బాల్లో చీటీలు వేసింది ఊరికే కాదేమోనని ఇప్పటికీ అనుమానం.

ఆ తర్వాత గంట కొట్టేదాకా ఆయన నా జంటమీదే మాట్లాడారు. అందులో ఎంత ఆ రోజు విన్నదో, ఎంత తర్వాత నేను చదువుకున్నదో ఇప్పుడు విడదీయలేను. రెండూ కలగలిసిపోయాయి.

రెండింటి పుట్టిల్లూ ఒకటే, అమెజాన్ పరీవాహకం. అక్కడ నది ఏడాదికోసారి పొంగి అడవిలోకి వస్తుంది. చాలాచోట్ల నీటిమట్టం పదేసి మీటర్లు పెరిగి మళ్ళీ తగ్గుతుంది. పొంగినప్పుడు గడ్డీ, గుర్రపు డెక్కా కలిసి నీటిమీద పచ్చిక మైదానాల్లా తేలతాయి. మనాటీ వాటి కిందికి దూరి మేస్తుంది. మంచినీళ్ళు దాటి సముద్రంలోకి వెళ్ళని మనాటీ ఇదొక్కటే. మిగతా చుట్టాలు ఉప్పునీళ్ళలోనూ తిరుగుతాయి. రోజుకి తన బరువులో దాదాపు 8 శాతం మేత తింటుంది. 400 కిలోల మనాటీ అంటే 32 కిలోలు. గుర్రపు డెక్కలో 95 శాతం నీళ్ళే కాబట్టి, అదొక్కటే తిందనుకుంటే 32 కిలోల్లో 30 కిలోలు తాగినట్టే లెక్క. అన్నేళ్ళు అలా నమిలితే పళ్ళు అరగవా? అరుగుతాయి. వెనకనుంచి కొత్త దంతం మొలిచి ముందుకు జరుగుతూ వస్తుంది, ముందున్న అరిగినది ఊడిపోతుంది. బతికున్నంతకాలం క్యూ సాగుతూనే ఉంటుంది. ఏనుక్కి కూడా ఇలాగే వెనకనుంచి ముందుకే వస్తాయి, కాకపోతే దానికి ఆరు విడతలతో ఆగిపోతుంది.

నా బకెట్టు ఆటకి జవాబు ఇక్కడే దొరికింది. మొక్క ఒంట్లో గాలి నింపుకున్నది తేలడానికి. మనాటీది తిరగబడ్డ సమస్య. ఒంట్లో పెద్ద ఊపిరితిత్తులున్నాయి, వీపు పొడవునా. కడుపులో మేత పులిసి గ్యాసు. ఏ ప్రయత్నం లేకపోతే బెలూన్‌లా పైకి తేలిపోవాలి. అందుకని దాని పక్కటెముకలు గట్టిగా, బరువుగా, లోపల మజ్జ కూడా లేకుండా రాయిలా ఉంటాయి. పడవ అడుగున బరువు వేసుకున్నట్టన్నమాట. ఒకటి మునక్కుండా ఉండటానికి స్పాంజి తయారుచేసుకుంది, ఇంకోటి తేలకుండా ఉండటానికి ఎముకని రాయి చేసుకుంది. ఇది నాకు ఆ వయసులో తట్టి ఉంటే 10కి 10 వేసేవారేమో.

నాకన్నిటికన్నా ఇష్టమైనది ఎండాకాలం సంగతి. నీళ్ళు తగ్గగానే తేలే పచ్చికంతా బురదమీద పడి మాడిపోతుంది. మనాటీలు ఎండిపోని లోతు మడుగుల్లోకి చేరతాయి. అక్కడ మేత ఉండదు. వారాలు కాదు, కొన్ని నెలలపాటు ఉపవాసం. వాటి ఒంట్లో దీపం మామూలుగానే చాలా సన్నగా వెలుగుతుంది. అంత సైజు క్షీరదం ఖర్చుపెట్టాల్సిన శక్తిలో మూడోవంతు చిల్లరతోనే కాలక్షేపం చేస్తాయి. పైగా వానాకాలంలో పట్టించిన కొవ్వు ఉంటుంది. మరి మొక్క? అది చచ్చిపోతుంది, కానీ విత్తనాలు బురదలో ఉంటాయి. ఏళ్ళ తరబడి, పదిహేనేళ్ళు దాటినా మొలకెత్తగలవు. ఒకటి కొవ్వు దాచుకుని, ఒకటి విత్తనం దాచుకుని, పైన నది మళ్ళీ పొంగేదాకా ఆ మడుగూ ఆ బురదా కాచుకుని కూర్చుంటాయి. నీళ్ళొస్తే రెండూ ఒకేసారి లేస్తాయి, ఒకటి పెరగడానికి, ఇంకోటి దాన్ని మేయడానికి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. గుర్రపు డెక్క ఈ మాట వినలేదు. సొంతింట్లో దాన్ని మేసే మనాటీ ఉంది, కాడల్లో సొరంగాలు తవ్వే ముక్కుపురుగులు ఉన్నాయి, ఏటేటా నీళ్ళు లాగేసే నది ఉంది. అక్కడ బుద్ధిగానే ఉంటుంది. బయటికొచ్చాకే రెచ్చిపోయింది. తీసుకెళ్ళిందేమో మనుషులే, ఆ ఊదాపువ్వు చూసి మురిసిపోయి, తోటల్లో కుంటలకి అందమని. 19వ శతాబ్దం చివరికల్లా అమెరికా, ఆఫ్రికా, ఆసియా అన్నిటికీ చేరింది. బెంగాల్‌లో ఎంత ముదిరిందంటే 1936లో దాన్ని పీకించడానికి ప్రత్యేకంగా చట్టమే చేశారు. బయటి దేశాల్లో ఉన్నవాటిలో ఎక్కువ భాగం జన్యువుల లెక్కన ఒకదానికొకటి నకళ్ళేనట. అంటే మా బడి వెనక చెరువులో నేను కర్రతో లాగినదీ, ఆఫ్రికాలో ఇంకెవరో లాగినదీ ఒకే మొక్క తాలూకు ముక్కలయినా ఆశ్చర్యం లేదు.

అమెరికాలో అయితే 1910లో లూసియానాకి చెందిన రాబర్ట్ బ్రూసార్డ్ అనే సభ్యుడు కాంగ్రెస్‌లో ఒక బిల్లు పెట్టాడు. ఆఫ్రికా నుంచి నీటిగుర్రాలు తెప్పించి కాలువల్లో వదిలితే గుర్రపు డెక్క తింటాయని, మాంసం కరువు కూడా తీరుతుందని. బిల్లు పాసవలేదు. గుర్రపు డెక్కకి నీటిగుర్రం విరుగుడు! తెలుగులో చదివితేనే ఇందులో మజా, పాపం ఆయనకి ఆ సంగతి తెలియదు.

అసలు విరుగుడుని ప్రయత్నించింది గయానా. 1950ల్లో అక్కడి కాలువల్లో కలుపు తినడానికి మనాటీలను దింపారు. గోళ్ళున్న రకమే. ఇరుకు కాలువల్లో బాగానే మేశాయి. ఆల్‌సాప్ అనే ఆయన దీనిమీద 1960లో నేచర్ పత్రికలో రాశాడు కూడా. కానీ మా పక్కవాడు తొమ్మిదో తరగతిలోనే కాగితం మీద తేల్చిన లెక్క ఎక్కడికి పోతుంది? పక్షానికోసారి రెట్టింపయ్యేదాన్ని, మూడేళ్ళకో పిల్లని కనేది ఎక్కడని తింటుంది? పైగా మనాటీ ఎక్కడ కనబడితే అక్కడ దాన్ని చంపి తినే మనుషులు కూడా ఉన్నారాయె.

ఈ చంపడం సంగతి చదివినప్పుడు మాత్రం చాలాసేపు పుస్తకం మూసేశాను. బ్రెజిల్‌లో దాన్ని పేషి బోయ్ అంటారు, అంటే ఎద్దు చేప. 1935 నుంచి 1954 మధ్య అమెజాన్‌లో 80,000 నుంచి 1,40,000 దాకా మనాటీలను చంపారని అంచనా. దేనికోసం? తోలు. దాని తోలు దళసరి, గట్టి. యంత్రాల బెల్టులకీ గొట్టాలకీ వాడారు. ఊపిరి కోసం కొద్ది నిమిషాలకోసారి ముక్కు పైకి పెట్టక తప్పదు, అక్కడే దొరికిపోయేది. 1967లో బ్రెజిల్ వన్యప్రాణి చట్టం తెచ్చాక వేట నేరమైంది, అయినా పూర్తిగా ఆగలేదు. గుర్రపు డెక్క ఎవరికీ పనికిరాదనుకున్నారు, దాని మానాన అది ప్రపంచమంతా నిండిపోయింది. మనాటీలో అన్నీ పనికొచ్చాయి, అదీ దానికొచ్చిన చిక్కు.

ఇంకో ముచ్చట కూడా చెప్పేస్తాను, ఇది చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. దొరికినప్పుడు మాస్టారికి ఫోన్ చేయాలనిపించింది. 1817లో ఆస్ట్రియా రాకుమారి లియోపోల్దీనా పోర్చుగల్ యువరాజుకి భార్యగా బ్రెజిల్ వెళ్ళింది. ఆ పెళ్ళివారితోపాటు శాస్త్రవేత్తల బృందం ఒకటి బయలుదేరింది. అందులో నాట్టెరర్ ఒకరు, మార్షియస్ ఒకరు. పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టని మనకో సామెత. వీళ్ళు పెళ్ళికెళ్ళి పిల్లులతో సహా వేలకొద్దీ జంతువులూ మొక్కలూ మూటగట్టుకొచ్చారు. గుర్రపు డెక్కకి క్రాసిపెస్ అని పేరు పెట్టింది ఆ మార్షియస్. మనాటీకి ఇనుంగుయిస్ పేరు ఆ నాట్టెరర్‌ది. ఆయన 1843లోనే పోయాడు, ఆ పేరు అచ్చులోకి వచ్చింది మాత్రం 1883లో. సరిగ్గా ఆ 1883లోనే సోల్మ్స్ అనే ఇంకో వృక్షశాస్త్రవేత్త గుర్రపు డెక్కని ఐకార్నియా క్రాసిపెస్ చేశాడు. ఈమధ్య మళ్ళీ మార్షియస్ పెట్టిన పాత పేరు పాంటెడేరియాకే తిప్పేశారు. ఏదైతేనేం, మాస్టారు బోర్డుమీద పక్కపక్కన రాసిన ఆ రెండు పేర్లూ ఒకే బృందంలో వెళ్ళినవాళ్ళవి, ఒకే ఏడాది అచ్చయినవి. బోడిగుండుకీ మోకాలికీ మధ్య ఇంత చుట్టరికం ఉందని చీటీ తీసినరోజు ఎవరికి తెలుసు?

గోళ్ళ సంగతి ఇంకా మిగిలింది. మార్కులు పోయాయని నాకు పెద్దగా బాధ లేదు, అక్కకి మాత్రం ఉంది. బొమ్మ దానిదని మాస్టారికి తెలియదు, తను వెళ్ళి వాదించలేదు. "బొమ్మలో ఉన్నది ఉన్నట్టు వేశాను, కింద చదవాల్సింది నువ్వు" అని నాతో రెండ్రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత అది ఇంట్లో ఒక సామెతైపోయింది. ఎవరైనా లేనిపోనిది తగిలించి చెబితే "గోళ్ళు పెట్టకు" అనేవాళ్ళం.

ఆరేళ్ళ కిందట ఆఫీసు పనిమీద సింగపూర్ వెళ్ళినప్పుడు చివరిరోజు సగంపూట ఖాళీ దొరికింది. నదుల జంతువులన్నీ పెట్టిన పార్కు ఒకటుందని, అందులో మనాటీలున్నాయని తెలిసి సూట్‌కేసుతో సహా వెళ్ళిపోయాను. గాజుగోడ ముందు చీకటిగా, చల్లగా ఉంది. అవతల నీళ్ళలో బూడిదరంగు గోడ ఒకటి మెల్లగా కదులుతూ వచ్చింది. కొంచెం ఆగితే దానికి మూతి ఉందని, ఇంకొంచెం ఆగితే కన్ను ఉందని తెలిసింది. కందిగింజంత కన్నే, ఏమీ మారలేదు. పైనుంచి పడుతున్న ఆకుల్ని తెడ్లతో మూతి దగ్గరికి తోసుకుని, పై పెదవి రెండు ముక్కలుగా కదిలిస్తూ లోపలికి లాక్కుంటోంది. తొందరనేదే లేదు. ఒక ఆకు తినడానికి పట్టిన టైములో నా వెనక రెండు స్కూలు గుంపులు వచ్చి వెళ్ళిపోయాయి.

బోర్డు చదివాను, ఈసారి చిన్నక్షరాలతో సహా. వెస్టిండియన్ మనాటీ. అంటే గోళ్ళుండాలి.

అది తెడ్డు గాజుకి ఆనించి పక్కకి తిరిగేదాకా నిలబడ్డాను. తిరిగింది. తెడ్డు అంచున, మడతల చర్మంలోంచి, ఏనుగు కాలి గోళ్ళకి మల్లే ముద్దుగా, లేత బూడిదరంగులో. అక్క పెట్టిన నీడలు కూడా ఉన్నట్టే అనిపించింది. ఫోన్‌లో నాలుగైదు ఫొటోలు తీసి అక్కకి పంపించాను. ఏం రాయలేదు. ఐదు నిమిషాల్లో ఫోనొచ్చింది.

"గోళ్ళు!" అంది.

"గోళ్ళే. నువ్వు వేసినవే."

"ఒరేయ్, సరిగ్గా చూడు. ఎన్నున్నాయి?"

ఫొటో పెద్దది చేసి లెక్కపెట్టాను. నమ్మకం కుదరక మళ్ళీ గాజు దగ్గరికెళ్ళి, అది ఊపిరికి పైకెళ్ళి కిందికి దిగేదాకా ఆగి లెక్కపెట్టాను.

"నాలుగున్నాయక్కా."

అవతల కాసేపు ఏమీ వినబడలేదు. ఆ తర్వాత నవ్వు.

"నేను మూడే వేశాను. నయమైంది, నాలుగోది వేసుంటే నీకు ఇంకో మార్కు పోయేది."